డబ్లిన్‌లో చదివిన న్యాయం

మా కార్ఖానాలో రైల్వే ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. వయస్సు ఎనభై దాటింది. వీధిలో చిన్నా పెద్దా ఆయన్ని కాకా అంటారు. ఆయన ముందుగదిలో మూడు పటాలుంటాయి. ఒకటి అంబేద్కర్‌ది. రెండోది మేరీమాతది, అది ఆయన భార్య పుట్టింటినుంచి తెచ్చుకున్నది. మూడోది వరాహగిరి వెంకటగిరిది. కళ్ళజోడు, తలపాగా, కాస్త అలిసిన మొహం. ఒకరోజు ఆ పటం వంక చూస్తూ కాకా నన్నడిగాడు: "గిరిసాబ్ ఢిల్లీల రాష్ట్రపతిగా కూసొని ఉండంగనే మా సమ్మె ఎట్ల విరిగింది సారూ? ఆయన మా యూనియన్ పెట్టినోడే గద?"

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. చరిత్ర నా వృత్తి కాదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. గిరి ఎక్కడ చదివాడు, ఏం చదివాడు, ఆ చదువు ఆయన్ని ఎంతదూరం తీసుకువెళ్ళి ఎక్కడ ఆపింది అని వెతుక్కుంటూ పోతే డబ్లిన్ దాకా పోవలసివచ్చింది. అక్కడొక కతోలిక విశ్వవిద్యాలయపు వారసత్వం, దాని న్యాయశాస్త్ర తరగతులు, ఆ తరగతుల్లో కూర్చున్న మనవాళ్ళు కనిపించారు. దీన్ని గురించి మన సాహిత్య విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదనే చెప్పాలి. పట్టించుకోవలసిన అవసరం మాత్రం ఉంది. ఎందుకంటే తెలుగు నవలా చరిత్రలో ఒక ముఖ్యఘట్టం కూడా ఆ ఊరితోనే ముడిపడివుంది.

డబ్లిన్ మాకు మరీ దూరపు ఊరేమీ కాదు. కార్ఖానానుంచి ఒకవైపు తిరుమలగిరి, ఇంకోవైపు పికెట్ దాటి వెళితే సికిందరాబాదు సెంట్ మేరీస్ చర్చి. 2008లో దానికి బసిలికా హోదా వచ్చింది. పందొమ్మిదో శతాబ్ది మధ్యలో దాన్ని కట్టించినవాడు డేనియల్ మర్ఫీ అనే ఐరిష్ ఫాదరీ. కంటోన్మెంటులోని ఐరిష్ కతోలిక సిపాయిలకోసం కట్టించాడు. పరాయి పాలనకింద నలిగిన జాతి బిడ్డలే కూటికోసం ఆ పాలకుల తుపాకులు మోసుకుంటూ మన తిరుమలగిరికి వచ్చారు. పొట్టకూటి సైన్యం సంగతి మనకు కొత్త కాదు గనక దీన్ని వివరించనక్కరలేదు.

ఇక ఆ విశ్వవిద్యాలయం సంగతి. ఐర్లండులో జనాభాలో అత్యధికులు కతోలికులు. భూమి, కోర్టు, ఉద్యోగం మాత్రం ప్రొటెస్టెంటు పాలకవర్గం చేతిలో ఉండేవి. 1792 దాకా కతోలికుడు బారిష్టరు కావడానికి చట్టం ఒప్పుకోలేదు. అంటే కౌలు తగాదాలో బక్కరైతు తరఫున నిలబడి వాదించే హక్కు ఆ రైతు మతంవాడికే లేదు. చట్టం మారాక, 1798లో బారిష్టరైన డేనియల్ ఓకానెల్ ఆ తరం కతోలికుల రాజకీయ నాయకుడయ్యాడంటే ఆశ్చర్యమేముంది? న్యాయశాస్త్రం అక్కడ కేవలం బతుకుతెరువు కాలేదు. అణగిన జాతికి నోరు అయింది. కార్డినల్ న్యూమన్ మొదటి రెక్టరుగా 1854లో కతోలిక విశ్వవిద్యాలయం మొదలైంది. బ్రిటిష్ ప్రభుత్వం దానికి పట్టాలిచ్చే అధికారం ఇవ్వలేదు. పట్టాలేని చదువుకు ఎవడు వస్తాడు? ఆ సంస్థ ఈడ్చుకుంటూ నడిచింది. 1883లో జెసూట్ ఫాదరీలు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. యూనివర్సిటీ కాలేజి అనే పేరు స్థిరపడింది. జేమ్స్ జాయిస్ 1902లో పట్టా పుచ్చుకున్నది అక్కడే. 1908 చట్టంతో అది జాతీయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. కాగితంమీద మతంతో సంబంధం తెగింది. తరగతి గదుల్లో మాత్రం ఫాదరీలు పాఠాలు చెబుతూనే ఉన్నారు.

అటువంటి కాలేజికి మన బ్రాహ్మణ పిల్లలు ఎందుకు వెళ్ళినట్టు? కారణం భక్తి కాదు, పోలీసులు. 1909లో లండనులో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చిచంపాక అక్కడి భారతీయ విద్యార్థులమీద నిఘా బిగిసింది. బారిష్టరు చదువు చెప్పే లండను సంస్థల్లో ప్రవేశమే కష్టమైంది. డబ్లిన్‌లో కింగ్స్ ఇన్స్ తలుపులు అప్పటికి తెరిచే ఉన్నాయి. అక్కడ బారిష్టరు కావాలంటే విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది న్యాయశాస్త్ర తరగతులకు హాజరుకావాలి. ఆ నిబంధన పుణ్యమా అని 1914-15లో 13 మంది భారతీయ విద్యార్థులు యూనివర్సిటీ కాలేజి బెంచీలమీద కూర్చున్నారు. 1917 దాకా లెక్కవేస్తే 50 మంది. మొదటి 13 మందిలో బరంపురం వకీలు జోగయ్య పంతులు కొడుకు గిరి ఒకడు.

గిరి, మరో సహాధ్యాయి న్యాయశాస్త్రంతో ఆగకుండా బి.ఏ.లో కూడా చేరారు. నన్ను ఆకర్షించింది ఈ బి.ఏ. సంగతే. అర్థశాస్త్రం చెప్పినవాడు థామస్ ఫిన్లే అనే జెసూట్ ఫాదరీ. ఐరిష్ వ్యవసాయ సహకారోద్యమానికి పెద్దదిక్కుల్లో ఒకడు. ఆంగ్ల సాహిత్యం చెప్పినవాడు థామస్ మెక్‌డోనా, కవి, విమర్శకుడు. ఒక తరగతిలో వడ్డీవ్యాపారినుంచి రైతును సహకారసంఘం ఎలా బయటపడేస్తుందో విని, పక్క తరగతిలో కవిత్వం విని, సాయంత్రం శిక్షాస్మృతి చదువుకునే ఇరవయ్యేళ్ళ కుర్రవాణ్ణి ఊహించుకోండి. మన ఊళ్ళలో లా చదివే పిల్లలకు ఇప్పటికీ ఇటువంటి కలయిక దొరకడంలేదు.

అయితే ఆ సంస్థను ఆదర్శంగా చూపించి చేతులు దులుపుకుంటే అది చరిత్ర కాదు, స్తోత్రం అవుతుంది. గిరి డబ్లిన్ చేరిన 1913లోనే ఆ ఊళ్ళో పెద్ద లాకవుట్ జరిగింది. జిమ్ లార్కిన్, జేమ్స్ కొనొలీ నాయకత్వంలో రవాణా కార్మికుల సంఘం బలపడింది. యజమానులంతా ఏకమై, ఆ సంఘంలో ఉండనని సంతకం పెట్టనివాణ్ణల్లా బయటికి నెట్టారు. వేలాది కుటుంబాలు నెలల తరబడి పస్తులున్నాయి. యజమానుల నాయకుడు విలియం మార్టిన్ మర్ఫీ. ఆయన కూడా కతోలికుడే, జెసూట్ల బెల్వెడేర్ పాఠశాలలో చదువుకున్నవాడే! పస్తులున్న కార్మికుల పిల్లల్ని కొన్నాళ్ళు ఇంగ్లండులోని సానుభూతిపరుల ఇళ్ళకు పంపుదామని ప్రయత్నిస్తే మతం చెడుతుందని అడ్డుపడింది డబ్లిన్ ఆర్చిబిషప్. కొనొలీ కూడా కతోలిక కుటుంబంలో పుట్టినవాడే. ఒకే దేవుడి కింద మర్ఫీ, కొనొలీ ఇద్దరూ ఉన్నారు. వారిని విడదీసింది ప్రార్థన కాదు, కూలి. సంస్థను దాని మతాన్నిబట్టి తూచేవారు, అది పొగడ్త అయినా తెగడ్త అయినా, ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఊరికే ఉండలేదు. దక్షిణాఫ్రికాలో భారతీయులమీద జరుగుతున్న దౌర్జన్యాలను గురించి ఒక కరపత్రం అచ్చువేశారు. అది పోలీసుల చేతికి చిక్కింది. కాలేజి విద్యార్థుల పత్రికలోనూ, ఐరిష్ వాలంటీర్ల పత్రికలోనూ పేరులేకుండా వ్యాసాలు రాశారు. యుద్ధం వచ్చాక గిరి లండను వెళ్ళి గాంధీని కలిశాడు. సామ్రాజ్యపు యుద్ధంలో రెడ్‌క్రాస్ స్వచ్ఛంద సేవకు రమ్మని గాంధీ అడిగాడు. గిరి మొదట సరేనని, తరవాత పశ్చాత్తాపపడి తప్పుకున్నాడు. గాంధీకంటే ఆ ఘడియలో ఈ కుర్రవాడి చూపే సరైనదని నా అభిప్రాయం. డబ్లిన్ గాలి అది.

1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు. స్వతంత్ర ప్రకటనమీద సంతకం పెట్టిన ఏడుగురిలో మెక్‌డోనా ఒకడు. 1901లో బారిష్టరైన పాట్రిక్ పియర్స్ ఒకడు. కొనొలీ ఒకడు. తిరుగుబాటు అణచివేశాక సైనిక కోర్టులు తలుపులు మూసుకుని విచారించాయి. మే 3న మెక్‌డోనాను, పియర్స్‌ను కాల్చిచంపారు. గాయాలతో నిలబడలేని కొనొలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. నెలలోగా దేశం విడిచిపొమ్మని జూన్ 1న గిరికి తాఖీదు అందింది. జూన్ 21న ఆయన బారిష్టరుగా నమోదయ్యాడు. అంటే సాహిత్యం చెప్పిన పంతులును మూసిన గదిలో విచారించి చంపిన సరిగ్గా ఏడు వారాలకు శిష్యుడు నల్లగౌను వేసుకున్నాడు. బి.ఏ. పూర్తికాలేదు. న్యాయమంటే ఏమిటో పుస్తకాల్లో దొరకని పాఠం మాత్రం పూర్తయింది.

ఇక్కడ మన నవల దగ్గరికి రావాలి. దాదాపు అవే సంవత్సరాల్లో గుంటూరు వకీలు ఉన్నవ లక్ష్మీనారాయణ కూడా బారిష్టరు చదువుకు ఐర్లండు వెళ్ళాడు. అప్పటికే నలభైకి దగ్గరపడినవాడు. తిరిగివచ్చాక పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళాడు, జైల్లో 'మాలపల్లి' రాశాడు. 1922లో అచ్చయిన ఆ నవలను ఏడాది తిరక్కుండా మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తరవాత 1936లో మరోసారి నిషేధం. 'మాలపల్లి'మీద రష్యా విప్లవ ప్రభావాన్ని గురించి మన విమర్శకులు చాలా రాశారు. గాంధీ ప్రభావాన్ని గురించి అంతకన్నా ఎక్కువ రాశారు. ఐర్లండు ప్రభావం మాత్రం జీవిత విశేషాల్లో ఒక వాక్యంగా మిగిలిపోయింది. నా మటుకు నాకు నవలలోని చట్టం కథ చదువుతున్నప్పుడల్లా డబ్లిన్ గుర్తుకువస్తుంది. సంగదాసును చంపిన చౌదరయ్య జోలికి చట్టం సరిగా రాదు. తక్కెళ్ళ జగ్గడై ధనికుల గాదెలు కొట్టి పేదలకు పంచిన వెంకటదాసు వెంట మాత్రం చట్టం పరుగెత్తుతుంది. ఒకే చట్టానికి రెండు నడకలు. కోర్టును లోపలినుంచి చూసిన వకీలు, చట్టంచేతనే బానిసయిన దేశాన్ని కళ్ళారా చూసినవాడు తప్ప ఈ సంగతి ఇంత నిబ్బరంగా రాయలేడు.

దీనిపక్కన మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' పెట్టి చూడండి. మొదటిభాగం 1924లో వచ్చింది. రెండేళ్ళ తేడా. ఒకదాంట్లో మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువుకని సీమకు ప్రయాణమై దారిపొడుగునా మనల్ని నవ్విస్తాడు. ఇంకోదాంట్లో సీమనుంచి తిరిగివచ్చిన బారిష్టరు మాలవాడలోకి నడుస్తాడు. పార్వతీశాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. మా పిల్లలకు ఆ పుస్తకం చదివి వినిపిస్తే తరగతి తరగతంతా పడిపడి నవ్వుతుంది. కాని మన మధ్యతరగతి ఇళ్ళలో బారిష్టరు అనగానే పార్వతీశమే గుర్తుకురావడం, ఉన్నవ రాకపోవడం ఆలోచించవలసిన విషయమే.

గిరి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టి, 1920లో సహాయనిరాకరణ పిలుపుకు దాన్ని వదిలేశాడు. 1923లో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో ఒకడయ్యాడు. పదేళ్ళకు పైగా దానికి ప్రధాన కార్యదర్శి. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య ఆయన చేసిన పని ఆ రోజుల్లో చిన్నది కాదు. కాకా గోడమీద పటం ఊరికే వేలాడటంలేదు. కాని 1929లో నాగపూరులో ఏఐటీయూసీ చీలినప్పుడు, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన లేబర్ రాయల్ కమిషన్‌ను బహిష్కరించాలన్న వామపక్షంతో విభేదించి ఎన్.ఎం.జోషితోపాటు బయటికి నడిచినవాడూ ఆయనే. కొనొలీ ఊళ్ళో చదివినా కొనొలీ దారి పట్టలేదు. ఫిన్లే దారి పట్టాడంటే సరిపోతుందేమో. సంఘం పెట్టు, బేరమాడు, కోపం వచ్చినా చట్టం గీసిన గీత దాటకు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యాడు. 'మాలపల్లి'మీద రెండో నిషేధం ఎత్తివేసింది ఆ ప్రభుత్వమే. డబ్లిన్‌లో చదివిన ఒకాయన పుస్తకం చెరవిడిపించిన మంత్రివర్గంలో డబ్లిన్‌లో చదివిన మరొకాయన ఉన్నాడన్నమాట. 1952లో కేంద్ర కార్మికమంత్రి అయ్యాక, తగాదాలను ట్రిబ్యునళ్ళకు నెట్టడంకంటే కార్మికులూ యజమానులూ ముఖాముఖి బేరమాడుకోవడమే మేలని పట్టుబట్టాడు. 'గిరి విధానం' అని దానికి పేరు. మంత్రివర్గంలోనే అది నెగ్గలేదు. 1954 ఆగస్టులో బ్యాంకు ఉద్యోగుల ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చితే ఆయన రాజీనామా ఇచ్చాడు. కార్మికుల తరఫున కుర్చీ వదిలిన కేంద్రమంత్రులు మనకు ఎందరున్నారు? వేళ్ళమీద లెక్కపెట్టడానికి కూడా ఒక చెయ్యి చాలు.

ఇంతవరకు రాసి నేను చాలారోజులు కలం పక్కన పెట్టాను. కారణం పార్వతీపురం.

1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. రెండు స్థానాల్లో ఒకటి షెడ్యూల్డు తెగలకు రిజర్వు. ఓటరుకు రెండు ఓట్లు. జనరల్ స్థానానికి గిరి నిలబడ్డాడు. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి. వారిలో బి.సత్యనారాయణ దొర రిజర్వు స్థానానికి, డిప్పల సూరిదొర జనరల్ స్థానానికి ఎన్నికైనట్టు ప్రకటించారు. గిరి స్వల్ప తేడాతో ఓడిపోయాడు. కోర్టుకు వెళ్ళాడు.

ఆయన వాదన రెండు కాళ్ళమీద నిలబడింది. రిజర్వు స్థానానికని నామినేషన్ వేసిన గిరిజనుడు జనరల్ స్థానం తీసుకోకూడదన్నది ఒకటి. సూరిదొర మూకదొర తెగలో పుట్టినా క్షత్రియ ఆచారాలు పాటిస్తూ క్షత్రియుడైపోయాడు గనక అసలు గిరిజనుడే కాడన్నది రెండోది. ఈ రెండో వాదన మనసుపెట్టి చూడండి. కొండజాతి మనిషి కిందనుంచి ఒక మెట్టు ఎక్కబోతే నువ్వు మాలో కలవలేవంటుంది సమాజం. అతను గెలిస్తే నువ్వు అప్పుడే మాలో కలిసిపోయావు గనక ఆ గెలుపు చెల్లదంటుంది న్యాయవాదం. ఎటు తిరిగినా సూరిదొరకు చోటు లేదు.

ఈ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1959లో కోర్టు గిరి అప్పీలును కొట్టివేసింది. రిజర్వేషన్ అన్నది కనీసం అంత ఇవ్వాలన్న హామీయే తప్ప, అంతకుమించి రావద్దన్న అడ్డుగోడ కాదని ఆ తీర్పు సారాంశం. కులం విషయంలో కోర్టు మరోమాట కూడా చెప్పింది. తాను ఫలానా కులమని ఒక మనిషి తనంతట తాను చెప్పుకుంటే చాలదు, ఆ కులంవారు ఒప్పుకోవాలి. అది మన సమాజాన్ని గురించిన చేదునిజం, కోర్టు దాన్ని దాచలేదు. తీర్పు వచ్చిన రెండేళ్ళకే, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దుచేసింది. ఒకే నియోజకవర్గంలో రిజర్వు అభ్యర్థి జనరల్ స్థానాన్ని కూడా ఎగరేసుకుపోయే దారి ఆ విధంగా మూసుకుపోయింది. కోర్టులో ఓడిన వాదన చట్టసభలో ఇంకో దుస్తుల్లో గెలిచిందని నేననుకుంటాను. కాదనేవారు వాదించవచ్చు.

గిరి దుర్మార్గుడని చెప్పడానికి ఇది రాయలేదు. ఎన్నికల పిటిషన్లలో వకీళ్ళు దొరికిన ప్రతి వాదననూ వాడతారు, అది వృత్తిధర్మమే అంటారు. కాని డబ్లిన్‌లో గిరి కూర్చున్న బెంచీకి అర్థమేమిటి? కోర్టులోకి అడుగుపెట్టనివ్వని జాతికోసం వేసిన బెంచీ అది. అక్కడినుంచి లేచివచ్చిన మనిషి నలభై ఏళ్ళ తరవాత మూకదొరను జనరల్ కుర్చీనుంచి లేపమని అడిగాడు. కార్మికుడి కూలి విషయంలో తెరుచుకున్న ఆయన కళ్ళు కులం, తెగ విషయంలో ఎందుకు మూసుకున్నాయి? ఇది గిరి ఒక్కడి లోపం కాదు. మన కార్మికోద్యమం, మన అభ్యుదయ సాహిత్యోద్యమం కూడా చాలాకాలం కూలిని చూసినంతగా కులాన్ని చూడలేదు. మనం ఆ మాట ఒప్పుకోవడానికి కారంచేడు 1985, చుండూరు 1991 కావలసివచ్చాయి.

మిగతాది అందరికీ తెలిసిందే గనక తొందరగా చెబుతాను. 1969 జులైలో తాత్కాలిక రాష్ట్రపతిగా బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుమీద సంతకం, ఆ వెంటనే రాజీనామా, ఆగస్టులో వామపక్షాల మద్దతుతో రాష్ట్రపతి పదవి. ఆ ఎన్నికమీద పిటిషన్ వేస్తే, పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యమిచ్చాడు. బారిష్టరు బోనెక్కిన ఆ దృశ్యం నాకిష్టం.

1974 మే 8న రైల్వే సమ్మె. సుమారు 17 లక్షలమంది. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. గిరి నిర్మించిన ఫెడరేషన్‌కు అప్పటి అధ్యక్షుడు. యవ్వనంలో బెంగుళూరు కతోలిక సెమినరీలో ఫాదరీ చదువు మధ్యలో వదిలేసి వచ్చినవాడు! వేలాది కార్మికుల్ని మీసా కింద, భారతరక్షణ నిబంధనల కింద జైళ్ళలో పెట్టారు. 27న సమ్మె ఆగిపోయింది. రాష్ట్రపతిభవనంలో ఉన్నది ఏఐఆర్ఎఫ్ పాత ప్రధాన కార్యదర్శి. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడుచుకోవాలని శంషేర్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది 1974 ఆగస్టు 23న. గిరి పదవీకాలం ముగిసింది ఆ మర్నాడు.

నేనీ తేదీలు కాకాకు చెప్పాను. ఆర్టికల్ 74 అంటే ఏమిటో, రాష్ట్రపతి చేతులు ఎలా కట్టేసి ఉంటాయో నాకు తెలిసినంతలో వివరించాను. సాంతం విన్నాడు. "యాభై నాలుగుల రాజీనామా ఇచ్చిండన్నవు గద సారూ, అప్పుడు చేతులు కట్టేసి లేకుండెనా?" అన్నాడు. నేను సూరిదొర సంగతి కూడా చెప్పాను. ఈసారి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కుర్చీ ఎక్కడానికి నా భుజం పట్టుకుని, పటంమీద దుమ్ము తువ్వాలుతో తుడిచి, అంబేద్కర్ పటానికి కాస్త ఎడంగా జరిపి తగిలించాడు.